తెలుగు బైబిలు వివేక సాహిత్యం: నిత్యజీవన అన్వయం (దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

బైబిలులోని సామెతలు, యోబు, ప్రసంగి గ్రంథాలను పండితులు వివేక సాహిత్యంగా వర్గీకరిస్తారు. కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక కూడా ఇదే ధోరణికి చెందినది. పరలోక విషయాలకంటే అప్పు, కూలి, తూకం, మాట, శ్రమ వంటి ఇహలోక వ్యవహారాలే ఈ రచనల్లో ఎక్కువగా కనిపిస్తాయి. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల జనజీవనంలో కనిపించే నాలుగు సందర్భాలకు ఈ సాహిత్యాన్ని అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి చిట్టీల జామీను, పండ్ల మార్కెట్టు తూకం, అడ్డా కూలీల వేతనం, పోటీ పరీక్షల అభ్యర్థుల నిరీక్షణ. తెలుగు అనువాదంలోని పదాలు అర్థాన్ని ఎలా మలిచాయో, తెలుగు నీతి సాహిత్యంతో ఈ గ్రంథాలకు గల సామ్యభేదాలు ఏమిటో ఈ వ్యాసం చర్చిస్తుంది. వివేకవాక్యాన్ని సందర్భం నుంచి విడదీసి వాడితే అది హాని చేస్తుందన్న హెచ్చరిక ఆ గ్రంథాలలోనే ఉందని నిరూపిస్తుంది.

కీలకపదాలు: తెలుగు బైబిలు, వివేక సాహిత్యం, సామెతలు, ప్రసంగి, పూటకాపు, ఔచిత్యం, నీతిశతకాలు, అడ్డా కూలీలు.

ఉపోద్ఘాతం:

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో బైబిలు వచనానికి నిత్యజీవనంలో ప్రత్యేకమైన స్థానం ఉంది. ఇంటి గుమ్మం మీద, గోడ క్యాలెండరు మీద, ఆటో వెనుక అద్దం మీద వచనాలు కనిపిస్తాయి. నూతన సంవత్సర ఆరాధనలో విశ్వాసులకు వాగ్దాన వచనాల కార్డులు పంచే ఆచారం అనేక సంఘాలలో ఉంది. ఏడాది పొడవునా ఆ ఒక్క వచనమే ఆ ఇంటికి ఆసరాగా నిలుస్తుంది. ఈ ఆచారం వల్ల గ్రంథం చదువురాని వారికి కూడా దగ్గరైంది. అయితే వచనం తన ముందువెనుకల నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడే పరిస్థితి కూడా దీనివల్లనే ఏర్పడింది.

వాగ్దానం వేరు, వివేకం వేరు. వాగ్దానం జరగబోయేదాన్ని చెబుతుంది. వివేకం ఇప్పుడు ఏం చేయాలో ఆలోచించమంటుంది. ఈ రెండింటినీ కలగలిపి చదివినప్పుడు చిక్కు వస్తుంది. శ్రద్ధగా పనిచేసేవాడు బాగుపడతాడని చెప్పే సామెతను వాగ్దానంగా తీసుకుంటే, బాగుపడని ప్రతివాడూ సోమరి అయి తీరాలి. ఏళ్ల తరబడి చదివినా ఉద్యోగం రాని అభ్యర్థికి, పొద్దంతా నిలబడినా పని దొరకని కూలీకి ఆ వచనం ఓదార్పు కాకుండా నేరారోపణ అవుతుంది. కాబట్టి ఈ సాహిత్యాన్ని ఎలా చదవాలన్నది విశ్వాసులకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు, సాహిత్య పఠన పద్ధతికి సంబంధించిన ప్రశ్న కూడా.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు ఈ పరిశీలనకు అనువైనవి. విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రహదారి ఎల్.బి.నగర్ కూడలిలో నగరంలోకి ప్రవేశిస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా నుంచి వచ్చేవారికి నగరంలో మొదటి మజిలీ ఇదే. కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, ఉద్యోగుల కాలనీలు, కూలీల అడ్డాలు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు మొదలైన తర్వాత ఈ రద్దీ మరింత పెరిగింది.

1. తెలుగు బైబిలు - నీతి సాహిత్య సందర్భం:

18వ శతాబ్ది పూర్వార్ధంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో లండన్ మిషనుకు చెందిన అగస్టస్ డి గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. 1818లో కొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు వెలువడ్డాయి.

ఈ చివరి సంవత్సరాన్ని తెలుగు వచన చరిత్రలో పెట్టి చూడాలి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. ఒక్క ఏడాది తేడాతో రెండు భిన్న సంప్రదాయాల నీతిబోధ తెలుగు వచనంలో అచ్చులోకి ఎక్కింది. ఒకటి పంచతంత్ర పరంపర నుంచి వచ్చింది, మరొకటి హీబ్రూ పరంపర నుంచి వచ్చింది. మొదటిది బడిలో పాఠ్యగ్రంథమైంది, రెండవది గుడిలో పవిత్రగ్రంథమైంది. ఆ కారణంగా సాహిత్య చరిత్రకారులు వీటిని ఒకచోట చేర్చి చూసే అవకాశం తగ్గింది. 1868లో కెప్టెన్ కార్ ఆంధ్రలోకోక్తిచంద్రిక పేరుతో తెలుగు సామెతలను సంకలనం చేసి ప్రకటించాడు. అంటే 15 ఏళ్ల వ్యవధిలో నీతికథ, పవిత్ర సామెత, జానపద సామెత మూడూ అచ్చు రూపంలో తెలుగు పాఠకుని ముందుకు వచ్చాయి.

వివేక సాహిత్యం ఒక జాతికి, ఒక మతానికి కట్టుబడి ఉండేది కాదు. సామెతల గ్రంథంలో 22వ అధ్యాయం మధ్య నుంచి వచ్చే భాగానికి ప్రాచీన ఈజిప్టుకు చెందిన అమెనెమోపే ఉపదేశంతో దగ్గరి పోలికలున్నాయని 1924లో అడాల్ఫ్ ఎర్మాన్ చూపించాడు. పంచతంత్రం పశ్చిమానికి ప్రయాణించినట్లే, నీతివాక్యాలు పొరుగు దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోబడ్డాయి. బైబిలు వివేకాన్ని వేమన పద్యాలతో, నీతిశతకాలతో పోల్చి చదవడానికి ఇది గట్టి ఆధారం.

2. పదవివేచన:

సామెతలు అన్న గ్రంథనామమే ఒక అనువాద నిర్ణయం. మూలంలోని మాషాల్ అనే హీబ్రూ పదానికి పోలిక అనే భావం ఆధారమని చెబుతారు. లోకోక్తి, ఉపమానం, నీతివాక్యం అన్నీ ఆ పదం పరిధిలోకి వస్తాయి. తెలుగులో సామెత అన్న పదం సామ్యత నుంచి పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. ఆ విధంగా చూస్తే రెండు భాషల పదాలూ పోలిక అన్న ఒకే భావం మీద నిలబడ్డాయి. పైగా సామెత అన్నది పల్లె నోట పలికే మాట. సుభాషితమనో, నీతివాక్యమనో పేరు పెట్టి ఉంటే గ్రంథం పండితుల అరుగుమీదే ఉండిపోయేది.

జ్ఞానం అన్న పదం విషయంలో పరిస్థితి వేరు. తెలుగులో జ్ఞానం అనగానే ఆత్మజ్ఞానం, మోక్షసాధనం అన్న వేదాంత ఛాయ తోస్తుంది. మూలంలోని హోఖ్మా అన్న పదానికి చేతి నేర్పు, పనితనం కూడా అర్థాలే. నిర్గమకాండం 31వ అధ్యాయంలో బెసలేలు లోహపు పని, చెక్కపని చేయగల శక్తిని ఇదే పదం సూచిస్తుంది. వడ్రంగి, కంసాలి, నేతగాడు తమ పనిలో చూపే నేర్పు, బతకడంలో చూపవలసిన నేర్పు ఈ దృష్టిలో వేరువేరు కావు. ఈ అర్థాన్ని గుర్తుంచుకుంటే సామెతల గ్రంథం తత్త్వగ్రంథంగా కాకుండా బతుకుతెరువు నేర్పే గ్రంథంగా కనిపిస్తుంది.

భయభక్తులు అన్న జంటపదం అనువాదకులు సాధించిన సొగసు. మూలంలో ఒక్క పదమే ఉంది. దాన్ని భయం అని మాత్రమే అంటే బెదురు మిగిలేది, భక్తి అని మాత్రమే అంటే ఆరాధన మిగిలేది. పెద్దల ఎదుట, గురువు ఎదుట ఉండవలసిన అణకువను తెలుగువారు భయభక్తులు అంటారు. నేర్చుకోవడానికి సిద్ధంగా ఉండే మనఃస్థితే వివేకానికి తొలిమెట్టు అన్న భావం ఈ జంటపదంలో చక్కగా ఒదిగింది.

3. ఔచిత్యం - వివేకవాక్యానికి ప్రాణం:

సామెతలు 26వ అధ్యాయంలో 4, 5 వచనాలు పక్కపక్కనే ఉండి పరస్పర విరుద్ధంగా మాట్లాడతాయి. మూర్ఖునికి వాడి ధోరణిలో బదులివ్వవద్దని మొదటిది, బదులివ్వమని రెండవది చెబుతాయి. సంకలనకర్తలు పొరపాటున వీటిని పక్కపక్కన పెట్టారని అనుకోవడానికి వీలులేదు. ఏ మూర్ఖునికి, ఏ సమయంలో, ఎంతవరకు అన్నది వినేవాడే తేల్చుకోవాలన్నది ఆ అమరికలోని ఆంతర్యం. అదే అధ్యాయం 7, 9 వచనాలలో, మూర్ఖుని నోటిలోని సామెతను పట్టులేని కుంటికాళ్లతోనూ, మత్తులో ఉన్నవాడి చేతిలోని ముల్లుతోనూ పోల్చారు. సామెత మంచిదే కావచ్చు. వాడేవాడికి సందర్భం తెలియకపోతే అది గుచ్చుకుంటుంది.

తెలుగు సామెతల స్వభావం కూడా ఇదే. నిదానమే ప్రధానం అంటారు. ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. రెండూ నిజమే. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఒకటి పనికివస్తుంది, పాము కరిచినప్పుడు మరొకటి పనికివస్తుంది. క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యం ప్రాణమన్నాడు. వివేకవాక్యానికి కూడా ఔచిత్యమే ప్రాణం. సామెతలు 15:23, 25:11 వచనాలు సమయానికి తగిన మాట విలువను కొనియాడడం ఇందుకు నిదర్శనం.

దీనికి పరాకాష్ఠ యోబు గ్రంథం. యోబు మిత్రులు పలికిన మాటలలో చాలావరకు సామెతల గ్రంథంలో కనిపించగలిగినవే. నీతిమంతుడు నిలుస్తాడు, దుష్టుడు కూలిపోతాడు అన్నది వారి వాదసారం. బిడ్డలను, ఆరోగ్యాన్ని కోల్పోయినవాని ఎదుట ఆ వాదం క్రూరమైంది. చివరికి దేవుడు ఆ మిత్రుల మాటలనే తప్పుపట్టాడు (యోబు 42:7). దుఃఖంలో ఉన్నవానికి సాధారణ సూత్రాన్ని వల్లించడం పాపమని గ్రంథమే తీర్పు చెప్పింది. ఈ పఠనసూత్రాన్ని దృష్టిలో ఉంచుకొని కింది నాలుగు సందర్భాలను పరిశీలించవచ్చు.

4. పూటకాపు - అప్పు, జామీను:

జామీను ఉండడానికి తెలుగు బైబిలు వాడిన మాట పూటపడడం. జామీనుదారుడు పూటకాపు. ఈ మాట నేటి వాడుకలో లేదు. పూట అనగానే భోజనపు పూటే స్ఫురించే పాఠకునికి సామెతలు 6:1-5 భాగం అంతుపట్టదు. అందులోని విషయం మాత్రం చిట్టీ వేసే ప్రతి ఇంటికీ తెలిసిందే.

చిట్టీ వ్యవస్థను ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. 20 మంది సభ్యులు నెలకు 5,000 రూపాయల చొప్పున 20 నెలలు కడితే అది లక్ష రూపాయల చిట్టీ. అవసరం ఉన్న సభ్యుడు 25,000 తగ్గించుకొని 75,000కు పాడుకున్నాడనుకుందాం. ఆ 25,000లో నిర్వాహకుని కమీషను పోను మిగిలింది సభ్యులందరికీ పంపకమవుతుంది. కమీషను గరిష్ఠంగా 7 శాతం, అంటే 7,000 అయితే, మనిషికి 900 రూపాయలు వస్తాయి. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం పాడుకున్న సభ్యుడు మిగిలిన వాయిదాలకు తగిన హామీ చూపాలి. అందుకోసం జీతం వచ్చే బంధువునో, తోటి ఉద్యోగినో సంతకానికి తీసుకువస్తారు. మూడవ నెలలో పాడుకున్న వ్యక్తి ఆ తర్వాత కట్టడం మానేస్తే 17 వాయిదాలు, అంటే 85,000 రూపాయల వరకు భారం జామీనుదారుల మీద పడవచ్చు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారునికి ఎంత బాధ్యత ఉందో జామీనుదారునికి అంతే బాధ్యత ఉంటుందని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షను చెబుతోంది. ఉద్యోగుల కాలనీలు ఎక్కువగా ఉన్న ఎల్.బి.నగర్, వనస్థలిపురం ప్రాంతాలలో ఇది కుటుంబ సంబంధాలను పరీక్షించే విషయం.

సామెతల గ్రంథం జామీను గురించి నాలుగైదు చోట్ల హెచ్చరిస్తుంది (6:1-5, 11:15, 17:18, 20:16, 22:26-27). మొదటి భాగంలో మందలింపుతో ఆగకుండా ఆచరణమార్గం కూడా చూపిస్తుంది. ఇప్పటికే మాట ఇచ్చి చిక్కుకున్నవాడు పరువుకు పోకుండా వెళ్లి బతిమాలుకోవాలి, ఆ రాత్రి నిద్రపోకముందే విడిపించుకోవాలి, వేటగాని చేతి నుంచి జింక తప్పించుకున్నట్లు తప్పించుకోవాలి. మొహమాటానికి సంతకం చేయడం తెలుగు మధ్యతరగతి బలహీనత. ఆ మొహమాటానికి ఈ భాగం సూటిగా మందు చెబుతుంది.

అయితే ఇదే గ్రంథం 3:27-28లో, ఇవ్వగల స్థితిలో ఉండి పొరుగువానిని రేపు రమ్మని తిప్పి పంపవద్దంటుంది. ఆదికాండం 43వ అధ్యాయంలో యూదా తమ్ముడైన బెన్యామీను కోసం తండ్రి వద్ద తానే పూటపడతాడు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో పౌలు, ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమంటాడు. హెబ్రీ పత్రిక 7:22 యేసునే పూటకాపు అంటుంది. సామెతలు వద్దన్న పనికీ, క్రీస్తు చేసిన పనికీ తెలుగులో ఒకే పదం వాడడం వల్ల ఈ వైరుధ్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. మోయలేని భారానికి మొహమాటంతో సంతకం పెట్టడం అవివేకం. నష్టం తనదేనని ఎరిగి, భరించగలిగి, ప్రేమతో నిలబడడం వేరు. తాకట్టుగా పడుకునే పరుపు పోయే పరిస్థితి తెచ్చుకోవద్దని 22:27 హెచ్చరించడంలో, ఇంట్లోవారిని ముంచే ఔదార్యం ఔదార్యం కాదన్న ధ్వని ఉంది.

అప్పు విషయంలో తెలుగు నీతిశతకాలతో పోలిక ఆసక్తికరం. సుమతీశతకం అప్పు చేసి చూపే వైభవాన్ని నిరసించింది. మరొక పద్యంలో, నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసిన వసతులలో వైద్యునితో పాటు అప్పిచ్చేవానిని కూడా లెక్కించింది. వ్యవసాయ సమాజంలో విత్తనానికి, పెళ్లికి, రోగానికి అప్పు పుట్టకపోతే బతుకు సాగదు. సామెతలు 22:7 మాత్రం అప్పు తీసుకున్నవాడు ఇచ్చినవానికి దాసుడవుతాడన్న చేదు నిజాన్ని ముందుకు తెస్తుంది. శతకం అప్పు అవసరాన్ని చూసింది, సామెత అప్పులోని అధికారాన్ని చూసింది.

ఆ అధికారానికి ధర్మశాస్త్రం హద్దులు గీసింది. తిరగలిని తాకట్టుగా తీసుకోవద్దు, ఎందుకంటే అది ప్రాణాధారం (ద్వితీయోపదేశకాండం 24:6). తాకట్టు కోసం బాకీదారుని ఇంట్లోకి జొరబడవద్దు, బయటే నిలబడాలి (24:10-11). నేటి భాషలో చెప్పాలంటే కుట్టుమిషను, ఆటో, తోపుడుబండి తిరగలితో సమానం. 2020 చివరలో తక్షణ రుణాల యాప్‌ల వేధింపులపై తెలంగాణ పోలీసులు కేసులు నమోదు చేశారు. బాకీదారుని ఫోనులోని పేర్లన్నింటికీ సందేశాలు పంపి పరువు తీయడం ఆ వేధింపులలో ఒక పద్ధతి. గడప దాటి లోపలికి రావద్దన్న పురాతన నియమం వెనుక ఉన్న మానవ గౌరవ భావన ఎంత అవసరమో ఆ ఉదంతం గుర్తుచేసింది.

5. తక్కెడ - తూకపు రాయి:

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దశాబ్దాలపాటు ఈ ప్రాంతానికి గుర్తింపు. మామిడి కాలంలో లారీల వరుసలు, వేలంపాటలు, కమీషను ఏజెంట్ల దుకాణాలు ఇక్కడి రోజువారీ దృశ్యాలు. ఆ తర్వాత మార్కెట్టు బాటసింగారానికి తరలింది. చిల్లర వ్యాపారులు, తోపుడుబండ్లవారు మాత్రం దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల మీద కొనసాగుతున్నారు.

సామెతలు 11:1, 16:11, 20:10, 20:23 వచనాలు దొంగ తూకాన్ని ఖండిస్తాయి. మూలంలో తూకానికి వాడిన పదానికి రాయి అని అర్థం. 20:10లో రాయి అన్న పదం రెండుసార్లు వస్తుంది. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి మరొక రాయి సంచిలో పెట్టుకొనే వర్తకుడు దాని లక్ష్యం. తెలుగునాట కూడా తూకపు రాళ్లు అనడం వాడుక కనుక ఈ పోలికకు వివరణ అక్కరలేదు. 16:11 ఇంకొక అడుగు ముందుకు వేసి, సంచిలోని రాళ్లు కూడా దేవుని ఏర్పాటే అంటుంది. అంటే గర్భగుడి ఎంత పవిత్రమో, కాటా కూడా అంత పవిత్రం. ఇహపరాల మధ్య గీతను చెరిపేసే ఆలోచన ఇది.

తూనికలు కొలతలకు 2009 నాటి చట్టం ఉంది. కానీ మోసం ఎప్పుడూ కాటాలోనే ఉండదు. వ్యవసాయ మార్కెట్లలో తరుగు పేరిట రైతు సరుకులో కొంత కోత వేసే అలవాటు తెలుగు రైతులందరికీ తెలుసు. కాటా సరిగానే ఉంటుంది, లెక్కలో కోత పడుతుంది. రెండు రాళ్ల సామెత ఈ రకం మోసానికి కూడా వర్తిస్తుంది, ఎందుకంటే అది నిరసించేది పరికరాన్ని కాదు, ఇద్దరికి రెండు కొలతలు పెట్టే బుద్ధిని.

ఈ వివేకం అమ్మేవానికే పాఠం చెప్పి ఊరుకోదు. కొనేటప్పుడు సరుకు బాగోలేదని వంకలు పెట్టి, కొని ఇంటికి వెళ్లాక చవకగా కొట్టేశానని గొప్పలు చెప్పుకొనే కొనుగోలుదారుని 20:14 నవ్వుతూ పట్టిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బేరమాడే ప్రతివారూ ఆ చిత్రంలో తమను చూసుకోవచ్చు. పెద్ద దుకాణంలో అచ్చువేసిన ధరకు మారుమాట్లాడకుండా చెల్లించేవారు బండివానితో పది రూపాయలకు పేచీ పెట్టడం కూడా రెండు రాళ్ల వ్యవహారమే.

6. అడ్డా మీది కూలి:

పొద్దున్నే కూలీలు పని కోసం గుమిగూడే చోటును హైదరాబాదులో అడ్డా అంటారు. ఎల్.బి.నగర్ పరిసరాలలో తాపీ పనివారు, మట్టి పనివారు, రంగులు వేసేవారు గిన్నె, గుడ్డసంచి పట్టుకొని ఇలా నిలబడతారు. మేస్త్రీ వచ్చి ఎంచుకుంటాడు. ఎండెక్కేసరికి మిగిలినవారికి ఆ రోజు కూలి లేనట్లే. వయసు మళ్లినవారు, బక్కపలచనివారు, స్త్రీలు సాధారణంగా చివర మిగులుతారు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం అచ్చంగా అడ్డా కథ. యజమాని తెల్లవారగానే కొందరిని, ఆ తర్వాత మూడు, ఆరు, తొమ్మిది, పదకొండు గంటల వేళల్లో ఇంకొందరిని పిలుస్తాడు. ఆ కాలగణనలో పదకొండవ గంట అంటే సాయంకాలం, పొద్దుగూకడానికి ఇంకా ఒక్క గంట. పగలంతా ఊరికే ఎందుకు నిలిచారని అడిగితే, తమను ఎవరూ పిలవలేదని వారు జవాబిస్తారు. చివరికి అందరికీ ఒకే దేనారం ముడుతుంది. సాధారణంగా ఈ ఉపమానాన్ని మోక్షానికి సంబంధించిన రూపకంగా వ్యాఖ్యానిస్తారు. ఆ అర్థం సరైనదే. అయితే అక్షరార్థంలోని ఆర్థిక సత్యాన్ని వదిలేయకూడదు. దేనారం ఆనాటి కూలీకి ఒక రోజు వేతనం, అంటే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచే మొత్తం. పనిగంటలు తగ్గినంత మాత్రాన పిల్లల ఆకలి తగ్గదు. పని దొరకని వాని ఖాళీ చేతులు సోమరితనానికి గుర్తు కావని ఈ కథ నిర్ద్వంద్వంగా చెబుతుంది.

కూలిని పొద్దుగూకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24:15, తెల్లవారేదాకా ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 ఆదేశిస్తాయి. ఎగ్గొట్టిన కూలి తానే మొరపెడుతుందని యాకోబు 5:4 అంటుంది. శనివారం లెక్క చూద్దామని వారాలు గడిపే కాంట్రాక్టర్ల చేతిలో నలిగే వలస కూలీకి ఈ నియమం అర్థం చెప్పనక్కరలేదు.

తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. 1876-78 నాటి దారుణ క్షామంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఒంగోలు ప్రాంతపు పేదలకు పని కల్పించాడు. వారిలో మాదిగలు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం చరిత్రకెక్కింది. ఆ సంఖ్యను గుర్తుచేసుకున్నంతగా దాని వెనుకనున్న కాలువ పనినీ, కూలినీ గుర్తుచేసుకోరు. ఆకలివేళ పని, పనికి వేతనం దొరకడం ఆ జనం విన్న బోధ నుంచి విడదీయరానిది.

7. పోటీ పరీక్షలు - చీమ, పందెం, ఆవిరి:

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల కోసం చదివే యువతకు సామెతలు 6:6-8లోని చీమ ఆదర్శంగా చూపబడుతుంది. పైఅధికారి లేకపోయినా తనంతట తానే కూడబెట్టుకొనే చీమ స్వయంక్రమశిక్షణకు ప్రతీక. హాస్టలు గదిలో అడిగేవారు లేకుండా చదవవలసిన విద్యార్థికి ఇది తగిన పోలికే.

సుమతీశతకం చీమను మరోవిధంగా చూసింది. చీమలు శ్రమించి కట్టిన పుట్ట పాముకు నివాసమవుతుందనీ, అజ్ఞాని కూడబెట్టిన ధనం కూడా అలాగే రాజుల పాలవుతుందనీ ఒక పద్యం చెబుతుంది. శ్రమించినవానికి కాకుండా మరొకరికి ఫలం దక్కే అన్యాయం ఇందులో కనిపిస్తుంది. బైబిలులో ఈ స్వరం ప్రసంగిలో వినిపిస్తుంది. కష్టపడినవాని ఫలితం పాటుపడనివానికి దక్కడాన్ని చూసి ప్రసంగి బాధపడతాడు (2:18-21). వేగం ఉన్నంతమాత్రాన పందెం గెలవడం, నేర్పు ఉన్నంతమాత్రాన మెతుకు దొరకడం ఖాయం కాదనీ, కాలమూ అనుకోని ఘటనలూ అందరి మీదా పడతాయనీ అంటాడు (9:11). సామెతల గ్రంథంలో కూడా ఈ ఎరుక లేకపోలేదు. పేదల సేద్యం పండినా అన్యాయం దాన్ని తుడిచిపెట్టవచ్చని 13:23 అంగీకరిస్తుంది.

ఇటీవలి చరిత్ర ఈ మాటకు వ్యాఖ్యానంలా ఉంది. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. రెండుసార్లూ ఉత్తీర్ణత సాధించగల స్థాయిలో చదివిన అభ్యర్థి తప్పు ఇందులో లేదు. అటువంటి యువకుని ఎదుట చీమ కథ చెప్పడం యోబు మిత్రుల పని. అతనికి అవసరమైనది 9:11.

ఇక్కడ అనువాద సమస్య మరొకటి ఉంది. ప్రసంగి పదేపదే పలికే హెబెల్ అన్న పదాన్ని తెలుగు బైబిలు వ్యర్థం అని అనువదించింది. మూలంలో ఆ పదానికి ఊపిరి, ఆవిరి అని అర్థం. ఆవిరి ఉంటుంది, కనబడుతుంది, కానీ గుప్పిట పట్టుకోలేం. వ్యర్థం అన్నది విలువ మీద ఇచ్చే తీర్పు. ఆవిరి అన్నది స్వభావాన్ని చెప్పే పోలిక. నాలుగేళ్ల చదువు వ్యర్థమైందనుకోవడానికీ, ఫలితం చేతికి చిక్కలేదనుకోవడానికీ మధ్య ఒక మనిషి నిలదొక్కుకోవడానికి సరిపడా చోటు ఉంది. ప్రసంగి నిజానికి నిరాశావాది కాడు. తిని, తాగి, తన పనిలో సుఖం పొందడం దేవుడిచ్చిన వరమని (3:13), ఒంటరికన్నా ఇద్దరు మేలనీ, ఒకరు పడితే మరొకరు లేపుతారనీ (4:9-10) చెబుతాడు. వరుసగా ఫలితాలు తప్పిపోయి ఇంటికి ఫోను చేయడానికి వెనుకాడే హాస్టలు విద్యార్థికి ఈ చివరి మాట ప్రాణరక్షకం కాగలదు.

ముగింపు:

1. తెలుగు బైబిలులోని వివేక గ్రంథాలను 19వ శతాబ్ది తెలుగు నీతి వచనంలో భాగంగా అధ్యయనం చేయవలసి ఉంది. నీతిచంద్రిక, సంపూర్ణ బైబిలు ఏడాది తేడాతో వెలువడడం ఇందుకు చారిత్రక ప్రాతిపదిక.

2. సామెత, భయభక్తులు వంటి పదాలు మూలభావాన్ని తెలుగు జీవితంలోకి చక్కగా తెచ్చాయి. జ్ఞానం, వ్యర్థం అన్న పదాలు మూలంలోని కొన్ని అర్థఛాయలను మరుగుపరిచాయి. పూటకాపు వంటి పదాలు వాడుక నుంచి తప్పుకోవడం వల్ల నేటి పాఠకునికి వివరణ అవసరమైంది.

3. సుమతీశతకంతో పోల్చినప్పుడు అప్పు, శ్రమ విషయాలలో రెండు సంప్రదాయాలూ ఒకదాన్నొకటి పూరిస్తాయి. శతకంలోని చీమ ప్రసంగికి దగ్గర, సామెతల చీమకు దూరం.

4. వివేకవాక్యం ఎవరికి, ఎప్పుడు చెబుతున్నామన్నదాని మీద దాని సత్యం ఆధారపడి ఉంటుంది. జామీను సంతకానికి చెయ్యి చాపిన బంధువు ఎదుట, కాటా ముందు, అడ్డా మీద, ఫలితాల రోజున హాస్టలు గదిలో ఒకే వచనం పనిచేయదు. ఈ గ్రంథాల్లో హెచ్చరిక ఉంది, దాన్ని సరిదిద్దే మాట కూడా ఉంది. ఒకటి తీసుకొని రెండవదాన్ని వదిలేస్తే గ్రంథం సగమే మిగులుతుంది, ఆ సగం బలహీనుని మీద బరువుగా పడుతుంది. బోధకుడైనా, అధ్యాపకుడైనా, ఇంటి పెద్ద అయినా వచనం నోటికి రావడంతో పాటు ఎదుటివాని స్థితిని చూడగలగడమే ఈ సాహిత్యం దృష్టిలో వివేకం.